ఇరవై ఏళ్ల మెరీనా.. ఉంచుకుందామా? వదిలేద్దామా?

* పాతబండిని ముంచేది పెద్ద రిపేరు కాదు.. పట్టించుకోని చిన్న లీకేజీ
* ఇంజిన్‌ సామాను ప్రతి ఊళ్లో దొరుకుతుంది.. డిక్కీ అద్దానికే అసలు తిప్పలు
* రిజిస్ట్రేషన్‌ రెన్యువల్‌కు వెళ్లే ముందే లెక్క వేసుకుంటే మేలు

సింధనూరు క్యాంపుల నుంచి ఆదోనికి, హోసూరు నుంచి కుప్పానికి, ధర్మాబాదు నుంచి బాసరకు, బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి.. సరిహద్దుకు అటూ ఇటూ చుట్టరికాలున్న కుటుంబాలకు మనుషులు కూర్చోవడానికే కాదు, సామాను మోయడానికీ కారు కావాలి. పెళ్లికి పోతే సారె పెట్టెలు, పండక్కి పోతే బియ్యం మూట, వచ్చేటప్పుడు ఆవకాయ జాడీలు. జీపంత పెద్దది కొనలేక, చిన్న కారులో ఇమడలేక ఉన్నవాళ్లకు అప్పట్లో దొరికిన మధ్యేమార్గం స్టేషన్‌ వ్యాగన్‌. వెనక డిక్కీ బయటికి పొడుచుకు రాకుండా, పైకప్పు చివరిదాకా సాగి, తలుపు పైకి లేచే కారన్నమాట. ఆ రకంలో మన ఊళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా కనిపించేది టాటా ఇండిగో మెరీనా.

ఈ బండి 2004లో వచ్చింది. అంటే తొలి విడతలో కొన్నవాటికి ఇరవై ఏళ్లు నిండాయి. ఆఖరి విడత బళ్లు కూడా పదిహేనేళ్ల అంచున ఉన్నాయి, లేదా దాటేశాయి. కొన్ని ఇళ్లలో అది తండ్రి కొన్న మొదటి కారు. అమ్మబోతే ధర పలకదు. ఉంచుకుంటే షెడ్డు ఖర్చు. రెన్యువల్‌ ఫీజేమో పెరిగింది. ‘దీనిమీద ఇంకా డబ్బు పెట్టడం దండగా?’ అన్నది ఇప్పుడు ఆ ఇళ్లలో నలిగే ప్రశ్న. జవాబు బండిని బట్టి ఉంటుంది. ఎక్కడెక్కడ చూడాలో, ఏ పనికి ఎంతవుతుందో తెలిస్తే ఆ జవాబు ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ఇండికా చెల్లెలు.. అదే దీని బలం

మనదేశంలో స్టేషన్‌ వ్యాగన్లు ఎన్నడూ పెద్దగా అమ్ముడుపోలేదు. 1992లో టాటా ఎస్టేట్‌ వచ్చింది. తర్వాత మారుతి బలెనో ఆల్టురా, ఒపెల్‌ కోర్సా స్వింగ్‌, ఫియట్‌ సియెనా వీకెండ్‌, స్కోడా ఆక్టేవియా కాంబి వరసగా వచ్చాయి. ఒక్కటీ నిలబడలేదు. వాటిని ఇంకా ఉంచుకున్నవాళ్లు చిన్న విడిభాగం కోసం కూడా నగరాలన్నీ గాలించాల్సిందే.

మెరీనా పరిస్థితి అంత చెడ్డది కాదు. దానికి కారణం దాని పుట్టుక. 1998 చివర్లో ఇండికా వచ్చింది. దానికి డిక్కీ జోడించి 2002 చివర్లో ఇండిగో చేశారు. ఆ ఇండిగోకే వెనక భాగం మార్చి మెరీనా అన్నారు. అంటే ఇంజిన్‌, గేర్‌బాక్సు, బ్రేకులు, ముందు చక్రాల సామాను చాలావరకు ఆ కుటుంబంలో అందరిదీ ఒక్కటే. ఇండికా, ఇండిగోలు ఏళ్ల తరబడి టాక్సీలుగా తిరిగాయి. అందుకే బళ్లారిలోనైనా, జయపురంలోనైనా, కాకినాడలోనైనా ఈ ఇంజిన్‌ విప్పి బిగించిన మెకానిక్‌ దొరుకుతాడు. 2018లో ఇండికా, ఇండిగోల తయారీ ఆగిపోయినా స్పేరు పార్టుల దుకాణాల్లో సామాను ఇంకా అందుతోంది.

ఒక్క మెలిక. ఆ పోలిక ముందు భాగానికే. వెనక సీటు దాటాక మెరీనా ఎవరితోనూ కలవదు. ఆ సంగతి కిందికి వద్దాం.

ఇక్కడ చెప్పే ధరలన్నీ చిన్న పట్టణాల ప్రైవేటు షెడ్డుల ఉజ్జాయింపు లెక్కలు, కూలితో కలిపి. కంపెనీ పార్టు, లోకల్‌ పార్టు తేడాను బట్టి, ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత ధరల చీటీ చూపించే దుకాణంలో ఆ మాట అడగడం మరిచిపోవద్దు.

మొదటి శత్రువు వేడి

బళ్లారి, రాయచూరు ఎండలు తెలియనివి కావు. వేసవిలో నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఏసీ వేసుకుని, నిండా జనంతో, డిక్కీ నిండా సామానుతో వెళ్లే పాత డీజిల్‌ బండికి అసలు పరీక్ష రేడియేటర్‌ దగ్గరే. ఈ ఇంజిన్లలో ఎక్కువ డబ్బు తినేసే జబ్బు ఇక్కడే మొదలవుతుంది.

రబ్బరు గొట్టాలు గట్టిబడి పగుళ్లిస్తాయి. రేడియేటర్‌ రెక్కల్లో దుమ్ము పేరుకుంటుంది. థర్మోస్టాట్‌ తెరుచుకోదు. ఫ్యాను రిలే మొరాయిస్తుంది. రేడియేటర్‌ మూత స్ప్రింగు బలహీనపడితే నీళ్లు ఆవిరై పోతుంటాయి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. గొట్టాలు, మూత, థర్మోస్టాట్‌ కలిపి మార్చినా రెండు మూడు వేలు. రేడియేటరే మార్చాల్సి వస్తే నాలుగు నుంచి ఆరు వేలు. వాటర్‌ పంపు రెండు నుంచి మూడున్నర వేలు.

వాటిని పట్టించుకోకుండా రోజూ సీసాతో బోరు నీళ్లు పోస్తూ నడిపితేనే వస్తుంది ముప్పు. మన ప్రాంతపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. రేడియేటర్‌ లోపల పొరలు కడతాయి. ఏదో ఒకరోజు దారిలో ముల్లు ఎర్రగీత దాటుతుంది. ‘ఇంకో పది కిలోమీటర్లేగా, ఊరొచ్చేస్తుంది’ అని లాగిస్తే హెడ్‌ గ్యాస్కెట్‌ కాలుతుంది, హెడ్‌ వంగుతుంది. హెడ్‌ విప్పి, చదును చేయించి, గ్యాస్కెట్‌ వేసి బిగించడానికి పది నుంచి పద్దెనిమిది వేలు. హెడ్‌ పగిలితే దానికి రెట్టింపు.

గుర్తు పట్టడం కష్టం కాదు. పొద్దున్నే ఇంజిన్‌ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్‌ మూత తీసి స్టార్టు చేయండి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తుంటే గ్యాస్కెట్‌ దెబ్బతిన్నట్టే. ఆయిల్‌ మూత కింద కాఫీ పాల రంగు జిగురు కనిపిస్తే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నట్టు. వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత జోలికి పోవద్దు, మొహం కాలుతుంది. దారిలో ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, బండి పక్కకు తీసి, ఇంజిన్‌ చల్లారేదాకా ఆగడం ఒక్కటే దారి. ఆ అరగంట పదిహేను వేలు మిగులుస్తుంది.

చప్పుడు చేయకుండా తెగే బెల్టు

రెండో ప్రమాదం టైమింగ్‌ బెల్టు. ఈ డీజిల్‌ ఇంజిన్లో పైనున్న వాల్వులనూ, కింద పిస్టన్లనూ ఒక తాళంలో నడిపేది ఈ పళ్ల రబ్బరు బెల్టే. అది తెగితే తాళం తప్పి, కిందికి దిగిన వాల్వును పైకి వచ్చే పిస్టన్‌ గుద్దుతుంది. తెగే ముందు పెద్ద హెచ్చరిక ఏమీ ఉండదు. నడుస్తున్న బండి నడుస్తున్నట్టే ఆగిపోతుంది.

కంపెనీ పుస్తకంలో బెల్టు మార్చే గడువు కిలోమీటర్లలో రాసి ఉంటుంది. కానీ పాతబండికి కిలోమీటర్ల లెక్క సరిపోదు. నెలకు రెండుసార్లు తీసే బండిలో రబ్బరు కిలోమీటర్లతో కాక వయసుతో పాడవుతుంది. పైగా చేతులు మారిన బండి మీటరును ఎంతవరకు నమ్మాలో చెప్పలేం. ఎప్పుడు మార్చారో రాసిన చీటీ మీ దగ్గర లేకపోతే మార్చలేదనే అనుకోండి. బెల్టు, దాన్ని బిగుతుగా పట్టే టెన్షనర్‌ రెండూ కలిపి మూడు నుంచి ఐదు వేలు. తెగాక వాల్వులు, గైడ్లు, హెడ్‌ పని కలిపి ఇరవై వేలకు తక్కువ కాదు. మార్చిన తేదీ, మీటరు అంకె చిన్న కాగితం మీద రాసి బానెట్‌ లోపల అంటించుకుంటే తర్వాతివాళ్లకూ ఉపకారం.

పొగ రంగు చెప్పే జాతకం

పాత డీజిల్‌ బండి ఆరోగ్యం సైలెన్సర్‌ చివర తెలుస్తుంది. యాక్సిలరేటర్‌ తొక్కినప్పుడు నల్లపొగ వస్తే గాలి తక్కువ, డీజిల్‌ ఎక్కువ. ముందు ఎయిర్‌ ఫిల్టర్‌ చూడాలి, ఆ తర్వాత టర్బో నుంచి వచ్చే రబ్బరు గొట్టం. అది చిట్లితే ‘ఉస్‌’మని చప్పుడు, పికప్‌ తగ్గుదల, నల్లపొగ మూడూ కలిసే వస్తాయి. గొట్టం ఖర్చు వెయ్యి రెండు వేలు. గొట్టం చూడకుండానే ‘టర్బో పోయింది’ అంటే తొందరపడొద్దు. టర్బో నిజంగానే పోతే బాగుచేయించడానికి పది నుంచి పదిహేను వేలు.

నీలం పొగ అంటే ఆయిల్‌ మండుతోందని. కారణం టర్బో సీలు కావచ్చు, అరిగిన రింగులు కావచ్చు. ఇంజిన్‌ నడుస్తుండగా ఆయిల్‌ మూత వదులు చేసి చూడండి. ఆవిరి ఇంజిన్లా దబదబా పొగ తన్నుకొస్తే ఇంజిన్‌ ‘బోరుకొచ్చింది’ అని అర్థం. పిస్టన్లు, రింగులు, బేరింగులు, బోరు పని మొత్తం కలిపి నలభై ఐదు నుంచి అరవై ఐదు వేల దాకా అవుతుంది. బండిని ఉంచాలా వద్దా అన్న నిర్ణయం మిగతా అన్నిటికంటే ఈ ఒక్క పరీక్ష మీదే ఆధారపడుతుంది.

తెల్లపొగతో, పొద్దున పూట స్టార్టు కాకుండా సతాయిస్తే ముందు చూడాల్సినవి హీటర్‌ ప్లగ్గులు. హోసూరులాంటి ఎత్తైన చోట్ల డిసెంబరు, జనవరి చలికి ఈ లోపం బయటపడుతుంది. బళ్లారిలో ఏళ్లపాటు తెలియకుండా ఉండిపోతుంది. నాలుగు ప్లగ్గులూ మార్చినా రెండు వేల లోపే. అవి పెట్టకుండా సెల్ఫ్‌ కొడుతూ పోతే బ్యాటరీ పోతుంది, ఆ తర్వాత సెల్ఫ్‌ మోటార్‌ పోతుంది. డీజిల్‌ ఫిల్టర్లో చేరిన నీటిని అప్పుడప్పుడూ వదిలేయాలి. ఆ నీళ్లు పంపులోకి పోతే పంపు, ఇంజెక్టర్ల పని పది వేలు దాటుతుంది. ఇంజిన్‌ మీద ‘డైకార్‌’ అని ఉంటే అది కామన్‌ రైల్‌ రకం. దాని ఇంజెక్టర్లు మరింత ఖరీదు. వాటిని ఊళ్లో విప్పించకుండా సరైన టెస్టింగ్‌ యంత్రం ఉన్న చోటికే తీసుకెళ్లాలి.

పెట్రోలు మెరీనాకు ఈ డీజిల్‌ బాధలు లేవు. దానికి స్పార్క్‌ ప్లగ్గులు, కాయిల్‌, సెన్సర్లు చూసుకోవాలి. వేడి సంగతి మాత్రం దానికీ వర్తిస్తుంది.

టైరు లోపలి అంచు తడిమి చూడండి

గతుకుల రోడ్డు మీద ముందు నుంచి ‘టకటక’ చప్పుడు వస్తే సాధారణంగా లింక్‌ రాడ్లు, లోయర్‌ ఆర్మ్‌ బుష్‌లు. ఇవి ఈ కుటుంబంలో అందరికీ వచ్చే జబ్బులే. జత లోయర్‌ ఆర్మ్‌లు, లింక్‌ రాడ్లు కలిపి నాలుగైదు వేలు. ముందు షాకబ్జార్బర్లు జత ఐదారు వేలు. యాక్సిల్‌ బూటు చిరిగి గ్రీజు చిమ్ముతుంటే వెంటనే మార్చాలి. బూటుకు ఐదారు వందలు. దుమ్ము చేరి జాయింటు పోతే మూడు నాలుగు వేలు.

మెరీనాలో ప్రత్యేకంగా చూడాల్సింది వెనక చక్రాలు. ఇండిగో కుటుంబానికి వెనక కూడా ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఆడే సస్పెన్షన్‌ ఇచ్చారు. కూర్చున్నవాళ్లకు సుఖం. కానీ దాని కడ్డీల బుష్‌లు అరిగితే చక్రం లోపలికి వాలి టైరు లోపలి అంచు తినేస్తుంది. బయటినుంచి చూస్తే టైరు బాగానే కనిపిస్తుంది. చేత్తో లోపలి వైపు తడిమితే తీగలు తగులుతాయి. సామాను బండి కావడంతో ఈ అరుగుదల మెరీనాలో మరీ ఎక్కువ. టైర్లు మార్చి బుష్‌లు వదిలేస్తే కొత్త టైర్లూ అదే దారి పడతాయి. ముందు బుష్‌లు, తర్వాత టైర్లు, ఆపైన అలైన్‌మెంట్‌. ఆ వరస తప్పితే డబ్బు రెండుసార్లు పెట్టాలి. వెనక బుష్‌ల పని నాలుగు నుంచి ఏడు వేలు. నాలుగు టైర్లు పదహారు నుంచి ఇరవై వేలు.

కోరాపుట్‌, జయపురం ఘాట్‌రోడ్ల మీద తిరిగే బళ్లకు బ్రేకులు, క్లచ్చి ముందు అరుగుతాయి. క్లచ్చి సెట్టు కూలితో ఏడు నుంచి పది వేలు. బ్రేక్‌ ప్యాడ్లు, లైనర్లు మూడు వేల లోపు. ఘాట్‌ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగకుండా కింది గేరులో దిగితే ఆ మూడు వేలు ఇంకొంత కాలం ఆగుతాయి.

వెనక తలుపే అసలు సమస్య

ముందు చెప్పిన మెలిక ఇదే. డిక్కీ తలుపు, దాని అద్దం, వెనక పక్క అద్దాలు, వెనక దీపాల గాజులు.. ఇవేవీ ఇండికావి పనికిరావు, ఇండిగోవి పనికిరావు. మెరీనాలు అమ్ముడైందే తక్కువ కనుక దుకాణాలు వాటిని నిల్వ పెట్టవు. ఇంజిన్‌ పోతే రెండు రోజుల్లో బాగవుతుంది. డిక్కీ అద్దం పగిలితే రెండు నెలలు తిరగాల్సి రావచ్చు. పాత బళ్లు విప్పే యార్డుల్లో వెతకడమే మార్గం. అలాంటి చోట ధర అమ్మేవాడి నోటిమాట. ఎక్కడైనా తుక్కుకు వెళ్తున్న మెరీనా కంటబడితే వెనక దీపాలు, అద్దం తీయించి ఇంట్లో పెట్టుకున్నవాడే తెలివైనవాడు.

తలుపును పైకెత్తి నిలబెట్టే రెండు గ్యాసు కడ్డీలు వయసైతే బలం కోల్పోతాయి. చాలామంది కర్ర ఆనించి సరిపెట్టుకుంటారు. సామాను సర్దేటప్పుడు కర్ర జారితే తలుపు నెత్తిమీద పడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ ఒక్కటీ వాయిదా వేయొద్దు. పాతదాని పొడవు, కొసల కొలత తీసుకెళ్తే సరిపోయే కడ్డీలు జత పదిహేను వందలకో రెండు వేలకో దొరుకుతాయి.

వెనక వైపరు, అద్దం వేడిచేసే తీగలు, నంబరు ప్లేటు దీపం పనిచేయడం లేదా? మోటారు మార్చే ముందు తలుపు కీలు దగ్గర వైర్లు చూపించండి. తలుపు తెరిచినప్పుడల్లా అక్కడ మడతపడి వైరు లోపల తెగుతుంది. పైన తొడుగు మామూలుగానే ఉంటుంది. అతుకు వేయడానికి మూడు నాలుగు వందలు చాలు.

అన్నిటికంటే మోసం చేసేది తలుపు చుట్టూ ఉన్న రబ్బరు. అది గట్టిబడితే వాన నీళ్లు లోపలికి దిగి కార్పెట్‌ కింద నిలుస్తాయి. గోపాలపురం సముద్రగాలి తగిలే బరంపురం బళ్లకు, గోదావరి పాయల నడుమ తిరిగే యానాం బళ్లకు తుప్పు ఇక్కడినుంచే మొదలవుతుంది. కార్పెట్‌ ఎత్తి, రేకును వేలితో నొక్కి చూడండి. పైపొర లేస్తే గీకించి, రంగు వేయించి, రబ్బరు మార్చండి. మూడు నాలుగు వేలతో పోతుంది. వేలు లోపలికి దిగితే వెల్డింగు పని. షాకబ్జార్బరు పైకొస ఆనే చోటే రేకు పోయిందంటే ఆ బండి మీద ఇక ఎంత పెట్టినా వృథా.

ఒకచోట చూస్తే..

బాగున్న ఇంజిన్‌, గట్టి బాడీ ఉన్న మెరీనాను మళ్లీ నమ్మకంగా రోడ్డెక్కించడానికి అయ్యే ఖర్చు (రూపాయల్లో, ఉజ్జాయింపుగా):

టైమింగ్‌ బెల్టు, టెన్షనర్‌: 3,000 - 5,000
రేడియేటర్‌, గొట్టాలు, థర్మోస్టాట్‌, కూలెంట్‌: 7,000 - 10,000
ముందు లోయర్‌ ఆర్మ్‌లు, లింక్‌ రాడ్లు: 4,000 - 5,000
వెనక బుష్‌లు, అలైన్‌మెంట్‌: 5,000 - 7,000
నాలుగు టైర్లు: 16,000 - 20,000
బ్యాటరీ: 5,000 - 6,500
బ్రేకులు: 2,000 - 3,000
డిక్కీ కడ్డీలు, రబ్బరు, చిన్న వైరింగు: 3,000 - 4,500
ఆయిల్‌, ఫిల్టర్లు: 3,500 - 4,500

మొత్తం 48,500 నుంచి 65,500. ఏసీ ఇందులో లేదు. గ్యాసు నింపడమైతే రెండు వేలు. కూలింగ్‌ కాయిల్‌, కండెన్సర్‌ కూడా పోతే మరో ఎనిమిది పది వేలు. లీకు ఎక్కడో చూపించకుండా గ్యాసు మాత్రం నింపించుకుంటే నెలకే మళ్లీ షెడ్డు.

అన్నీ ఒకేసారి అక్కర్లేదు. వరస మాత్రం ఇదీ: ముందు వేడి, బెల్టు, బ్రేకులు. తర్వాత బుష్‌లు, టైర్లు. ఆఖరున ఏసీ, రంగు. సీట్లకు కొత్త కవర్లు, పాటల పెట్టె ముందు వేయించి బెల్టు వాయిదా వేసినవాళ్లే తర్వాత చింతిస్తారు.

కాగితాల గడువు.. సరిహద్దు చిక్కులు

సొంత కారు రిజిస్ట్రేషన్‌ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్‌ పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. గడువుకు అరవై రోజుల ముందునుంచే ఫారం 25తో దరఖాస్తు చేయొచ్చు. 2022 ఏప్రిల్‌ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రెన్యువల్‌ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలైంది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. ఆలస్యమైతే నెలకు 500 అదనం. రాష్ట్రాన్ని బట్టి గ్రీన్‌ టాక్సు వేరు. అంటే రెండేళ్లు పక్కన పడేసిన బండికి ఆలస్య రుసుమే పన్నెండు వేలు. షెడ్డుకు తీసుకెళ్లే ముందే కాగితాల తేదీ చూడమనేది ఇందుకే.

థర్డ్‌ పార్టీ బీమా ఎలాగూ తప్పనిసరి. మెరీనా ఇంజిన్‌ 1405 సీసీ. వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ కార్లకు 2022 జూన్‌లో ఖరారు చేసిన రేటు ఏడాదికి 3,416 రూపాయలు, పన్ను వేరే. ఈ వయసు బండికి పొగ సర్టిఫికెట్‌ ఆరు నెలలకోసారి తీసుకోవాలి. కర్ణాటక, మహారాష్ట్రల్లో పాత బళ్లకూ హై సెక్యూరిటీ నంబరు ప్లేటు పెట్టించుకోమన్నారు. పాత ప్లేటుతో రెన్యువల్‌కు వెళ్తే వెనక్కి పంపే అవకాశముంది.

సరిహద్దు ఊళ్లకు మరో చిక్కుంది. బండి కేఏ-34ది, తిరిగేది అనంతపురంలో. పీవై-04 నంబరుతో యానాంలో కొన్నది, ఉండేది కాకినాడలో. ఎంహెచ్‌-33 నంబరు సిరోంచది, ఇల్లు మాత్రం గోదావరికి ఇవతల. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. దానికి పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, అదే ఎన్‌ఓసీ, కావాలి. కొత్త రాష్ట్రంలో పన్నూ కట్టాలి. పాతబండి విషయంలో ఈ ఖర్చు కొన్నిసార్లు రిపేరు కంటే ఎక్కువ తేలుతుంది. చౌకగా వస్తోందని పక్క రాష్ట్రపు మెరీనా కొనేవాళ్లు ఇంజిన్‌ కంటే ముందు ఆర్సీ గడువు, బాకీ చలాన్లు, ఫైనాన్స్‌ కొట్టివేత, ఎన్‌ఓసీ సంగతి చూసుకోవాలి.

అమ్మేవాళ్లకూ ఇదే మాట. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, డబ్బు తీసుకుని, బండిని సరిహద్దు దాటించేస్తే పీడ వదిలిందనుకోవద్దు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పేరు మారిన ఆర్సీ కళ్లతో చూసేదాకా అమ్మకం పూర్తి కానట్టే.

నెలకు వెయ్యా? రెండు వేలా?

ఇక అసలు లెక్క. ఇరవై ఏళ్లు దాటిన మెరీనాకు రెన్యువల్‌ పది వేలు, పనులకు యాభై వేలు అనుకుందాం. అరవై వేలు. రెన్యువల్‌ ఐదేళ్లకు, అంటే అరవై నెలలకు. నెలకు వెయ్యి రూపాయలు పడింది. ఏటా సర్వీసింగు, బీమా వేరే. కుటుంబమంతా సామానుతో సహా వెళ్లే బండికి ఇది ఎక్కువేం కాదు. కొత్త కారు వాయిదాతో పోల్చనక్కర్లేదు, నెలకు ఒక్కసారి టాక్సీ మాట్లాడుకుని సరిహద్దు దాటి వచ్చినా అంతకంటే ఎక్కువవుతుంది.

అదే బండి ఇంజిన్‌ బోరుకొస్తే మరో యాభై ఐదు వేలు కలపాలి. లక్షా పదిహేను వేలు. నెలకు పంతొమ్మిది వందల పైమాటే. ఖర్చు పెట్టాక అమ్మినా ఆ డబ్బు తిరిగి రాదు. బాడీ గట్టిగా ఉండి, బండి మీ దగ్గరే ఐదేళ్లూ ఉంటుందనుకుంటేనే ఆ పని. ఏడాదిలో అమ్మే ఆలోచన ఉంటే ఇంజిన్‌ జోలికి పోవద్దు.

ఇంజిన్‌ పోయి, బాడీ కూడా తుప్పు పట్టిందా? అక్కడితో ఆపేయడమే మంచిది. అయితే వీధిలోకొచ్చే పాతసామాను వాళ్లకు తూకానికి వేయొద్దు. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్‌ కేంద్రానికి ఇస్తే డిపాజిట్‌ సర్టిఫికెట్‌ ఇస్తారు. ఆ కాగితంతో ఆర్సీ రద్దు చేయించుకోవచ్చు. కొత్త సొంత కారు కొంటే వాహన పన్నులో 25 శాతం దాకా రాయితీకి కేంద్రం నిబంధనల్లో వీలు కల్పించింది. ఎంత ఇస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోవాలి. ఆర్సీ రద్దు కాకుండా బండి ముక్కలైపోతే, దాని నంబరు మరో బండికి ఎక్కి ఎక్కడో తిరిగితే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

రెన్యువల్‌ గడువుకు మూడు నెలల ముందు ఒక ఆదివారం కేటాయించండి. పొద్దున్నే చల్లని ఇంజిన్‌ మూత తీసి బుడగలు చూడండి. వేడెక్కాక ఆయిల్‌ మూత వదులు చేసి పొగ చూడండి. డిక్కీ కార్పెట్‌ ఎత్తి రేకు నొక్కండి. టైర్ల లోపలి అంచు తడమండి. ఆర్సీ తీసి తేదీ చదవండి. ఈ ఐదింటికీ పైసా ఖర్చు లేదు. మొదటి మూడూ బాగుంటే మిగతావి డబ్బుతో అయ్యే పనులే, బండిని ధైర్యంగా షెడ్డుకు తీసుకెళ్లొచ్చు. మూడిట్లో రెండు బాగోలేకపోతే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.